పది నిమిషాలకు ఒకరు, అయినా గంట నిరీక్షణ: ఒక ఓపీ క్యూ కేస్ స్టడీ

క్లినిక్ మేనేజర్ నా ముందు ఒక కాగితం పెట్టి మూడు అంకెలు చూపించారు. గంటకు వచ్చే పేషెంట్లు 6. ఒక్కొక్కరికి డాక్టరు ఇచ్చే సమయం సగటున 9 నిమిషాలు. ఆరు తొమ్మిదులు 54. అంటే గంటలో ఇంకా 6 నిమిషాలు మిగలాలి.

"లెక్క సరిగ్గానే ఉంది కదా సార్. మరి గంటసేపు కూర్చోబెడుతున్నారని రోజూ హాల్లో గొడవెందుకు?" అన్నారు.

ఆయన మనసులో మూడు అనుమానాలున్నాయి. డాక్టరు మధ్యలో లేచి వెళ్ళిపోతున్నారేమో. రిసెప్షన్‌లో టోకెన్లు అటూ ఇటూ అవుతున్నాయేమో. లేదంటే పేషెంట్లే ఎక్కువ చేసి చెబుతున్నారేమో. ఆయన్ని తప్పుపట్టలేను. ఆ కాగితం చూసిన ఎవరికైనా అనుమానం ముందు మనుషుల మీదకే పోతుంది. వరుసలూ షెడ్యూళ్ళూ లెక్కగట్టడం నా పని. చాలా చోట్ల ఇదే కాగితం వేర్వేరు రూపాల్లో చూశాను. ఈ కేసులో మాత్రం ఎవరూ తప్పు చేయలేదు. డాక్టరు కుర్చీ కదల్లేదు, టోకెన్లు వరుస తప్పలేదు, పేషెంట్లు అబద్ధం చెప్పలేదు. ఆరు తొమ్మిదులు 54 అన్నదీ నిజమే. కానీ హాల్లో ఎంతసేపు కూర్చోవాలన్న ప్రశ్నకు ఆ గుణకారం జవాబు కాదు.

క్లినిక్ ఏదో తెలియకుండా అంకెలను గుండ్రం చేశాను. నిష్పత్తులు అలాగే ఉన్నాయి. అక్కడ రెండు గదులు, ఇద్దరు డాక్టర్లు, ఎవరి వరుస వారిది. రెండు చోట్లా పరిస్థితి దాదాపు ఒకటే కాబట్టి ఒక గది లెక్కే ఇక్కడ చెబుతాను.

కొక్కేలు లెక్కపెట్టడం

నిరీక్షణ కొలవాలంటే ప్రతి మనిషీ ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు లోపలికి వెళ్ళారో రాసుకోవాలని చాలామంది అనుకుంటారు. అది నిజంగా కష్టమైన పని. రద్దీ ఎక్కువున్న రోజే రాసేవాళ్ళకు తీరిక ఉండదు. అసలు కావాల్సిన రోజు వివరాలే పోతాయి.

దీనికి మా పనిలో ఒక దగ్గరి దారి ఉంది. 1961లో జాన్ లిటిల్ దాన్ని గణితపరంగా నిరూపించారు. లోపల సగటున ఎంతమంది ఉన్నారో, గంటకు ఎంతమంది వస్తున్నారో తెలిస్తే చాలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక్కొక్కరూ సగటున ఎంతసేపు ఉంటున్నారో వచ్చేస్తుంది. వచ్చేవాళ్ళు గుంపుగా రానీ, ఒక్కొక్కరుగా రానీ, వరుస ముందు నుంచి నడవనీ, వెనక నుంచి నడవనీ, సూత్రం మారదు. వ్యవస్థ మరీ అడ్డూఅదుపూ లేకుండా పెరిగిపోకపోతే చాలు. ఇంత తక్కువ అడిగి ఇంత ఎక్కువ ఇచ్చే సూత్రం నాకు ఇంకొకటి తెలియదు. వాడి ఎన్నో ఏళ్ళయినా దాని మీద నాకు ఆశ్చర్యం తగ్గలేదు.

కాబట్టి పావుగంటకోసారి హాల్లో తలకాయలు లెక్కపెట్టమన్నాను. మొదటి రోజే పొరపాటు దొరికింది. పేషెంటు వెంట ఒకరో ఇద్దరో వస్తారు. తలలు లెక్కపెడితే నిరీక్షణ రెండున్నర గంటలని వచ్చింది! కుర్చీలో ఉన్నవాళ్ళలో ఎవరు పేషెంటో, ఎవరు తోడు వచ్చినవారో చూసి చెప్పడం కుదరదు.

దారి చూపించింది రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి. ఆమె వెనక గోడకు ఒక చెక్క బోర్డు, దానికి 40 కొక్కేలు, ఒక్కో కొక్కేనికి అంకె వేసిన ప్లాస్టిక్ బిళ్ళ. పేషెంటు రాగానే బిళ్ళ తీసి ఇస్తుంది. వాళ్ళు డాక్టరు గదిలోకి వెళ్ళేటప్పుడు దాన్ని తీసుకుని మళ్ళీ తగిలిస్తుంది. "సార్, ఖాళీ కొక్కేలు ఎన్నో చూస్తే సరిపోదా?" అంది. సరిపోతుంది. ఖాళీ కొక్కెం అంటే హాల్లో ఒక పేషెంటు. ఆ రోజు నుంచి పావుగంటకోసారి ఒక్క అంకె రాయడమే పని.

మొదటి వారం సగటు 7 కొక్కేలు. గంటకు 6గురు వస్తున్నారు కాబట్టి 7ని 6తో భాగిస్తే 70 నిమిషాలు. మేనేజర్ కంగారుపడి, ఆ వారం చివర్లో డాక్టరుకీ సిబ్బందికీ సమయపాలన గురించి గట్టిగా ఒక నోటీసు పెట్టారు. మరుసటి వారం సగటు 5కి దిగింది. నోటీసు పనిచేసిందని ఆయన సంతోషపడ్డారు.

ఇక్కడ నేను ఆగమని పట్టుబట్టాను. మమ్మల్ని పిలిచేదే పరిస్థితి మరీ చెడ్డగా ఉన్నప్పుడు. మరీ చెడ్డ వారం తర్వాత వచ్చే వారం, ఏమీ చేయకపోయినా, మామూలు వైపు జరిగే అవకాశమే ఎక్కువ. తల్లిదండ్రుల ఎత్తుల్ని పిల్లల ఎత్తులతో పోలుస్తూ ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ప్రచురించిన సంగతి ఇదే. చాలా పొడవైనవాళ్ళ పిల్లలు సగటున వాళ్ళకన్నా కాస్త పొట్టిగా, చాలా పొట్టివాళ్ళ పిల్లలు వాళ్ళకన్నా కాస్త పొడుగ్గా ఉన్నారు. దీన్ని రిగ్రెషన్ టు ద మీన్ అంటారు. జ్వరం బాగా ఎక్కువైన రోజు వేసుకున్న మందుకు మంచి పేరు రావడంలో కూడా దీని పాత్ర ఉంది. నోటీసు నిజంగా పనిచేసిందో లేదో రెండు వారాల అంకెలు చెప్పలేవు. ఏమీ మార్చకుండా ఆరు వారాలు లెక్కపెడదామన్నాను. మేనేజర్‌కు ఇది నచ్చలేదు, కానీ ఒప్పుకున్నారు. నాలుగో వారంలో, నోటీసు గోడ మీద అలాగే ఉండగా, సగటు మళ్ళీ 6 దాటింది.

ఆరు వారాల సగటు 5 కొక్కేలు. అంటే 50 నిమిషాలు. పేషెంట్లు "గంట" అంటున్నది పెద్ద అతిశయోక్తేం కాదు.

ఖాళీ నిమిషాలు దాచుకోలేం

మేనేజర్ లెక్క ఒక్క చోట అచ్చంగా నిజమవుతుంది. సరిగ్గా పది నిమిషాలకొకరు చొప్పున గడియారం కొట్టినట్టు రావాలి, ఒక్కొక్కరికీ సరిగ్గా 9 నిమిషాలే పట్టాలి. అప్పుడు ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆగక్కర్లేదు.

కానీ మనుషులు అలా రారు. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వస్తారు. ఇలాంటి రాకపోకలకు ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ పేరు మీదున్న విభాజనం, అంటే ఎంతమంది రావడానికి ఎంత అవకాశముందో చెప్పే లెక్క, బాగా సరిపోతుంది. సగటున పది నిమిషాలకు ఒకరు వస్తుంటే, ఏదైనా ఒక పది నిమిషాల్లో ఎవరూ రాకపోవడానికి 37 శాతం అవకాశం. ఒక్కరే రావడానికి 37 శాతం. ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో రావడానికి 26 శాతం. "పది నిమిషాలకు ఒకరు" అని మనం ధీమాగా చెప్పే వాక్యం, పది నిమిషాల ముక్కల్లో మూడింట ఒక వంతుకు మాత్రమే అక్షరాలా నిజం.

ఎవరూ రాని ముక్కలో డాక్టరు ఖాళీగా ఉంటారు. ఆ ఖాళీని దాచిపెట్టి, ముగ్గురు ఒకేసారి వచ్చినప్పుడు వాడుకోలేం. సగటు లెక్క మాత్రం దాచుకోగలమన్నట్టే నడుస్తుంది. పొద్దున మిగిలిన 8 నిమిషాల్ని మధ్యాహ్నం రద్దీకి తెలియకుండా సర్దేస్తుంది. వరుసలో నిలబడే మనిషికి ఆ సర్దుబాటు అందదు.

గదిలో పట్టే సమయమూ అంతే. డాక్టరు అనుమతితో బయట తలుపు దగ్గర కూర్చుని సమయాలు రాసుకున్నాను. 9 నిమిషాలు పట్టే పేషెంటు నాకు దాదాపు కనిపించలేదు! మూడింట రెండు వంతుల మంది రిపోర్టు చూపించి, మందులు కొనసాగించాలో లేదో అడిగి 5 నిమిషాల్లో బయటికొస్తారు. మిగిలిన మూడో వంతు కొత్తవాళ్ళు. మొదటి నుంచి అన్నీ చెప్పుకోవాలి, వాళ్ళకు 17 నిమిషాలు. 5, 5, 17. కలిపితే 27, సగటు 9. ఆ సగటుకు తగిన మనిషి ఒక్కరూ లేరు.

ఇలాంటి వరుసలకు 1930ల మొదట్లో ఫెలిక్స్ పొల్లాచెక్, అలెక్సాండర్ ఖించిన్ ఒక సూత్రం ఇచ్చారు. మాటల్లో చెబుతాను. ముందు ఒక్కొక్కరికి పట్టే సమయాన్ని వర్గం చేసి సగటు తీయాలి. 25, 25, 289. మొత్తం 339, సగటు 113. దాన్ని నిమిషానికి వచ్చేవాళ్ళ సంఖ్యతో, అంటే 0.1తో గుణించాలి. 11.3 వస్తుంది. దీన్ని డాక్టరు ఖాళీగా ఉండే వంతుకు రెట్టింపుతో భాగించాలి. గంటలో 54 నిమిషాలు పని అంటే ఖాళీ వంతు 0.1, రెట్టింపు 0.2. జవాబు 56.5 నిమిషాలు.

కొక్కేలు చెప్పింది 50. తేడా ఎందుకంటే, ఈ సూత్రం ఎప్పటికీ ఆగకుండా నడిచే వరుసకు వర్తిస్తుంది. ఇక్కడ ఓపీ 5 గంటలే. పొద్దున డాక్టరు వచ్చేసరికి హాల్లో ఇద్దరే ఉంటారు, వరుస పెరగడానికి కాస్త సమయం పడుతుంది. ఆమాత్రం తేడా రావాల్సిందే. రాకపోతేనే నా కొలతను అనుమానించేవాణ్ణి.

సూత్రంలో వర్గం ఉందన్నది గమనించాలి. మూడు రెట్లకు పైగా పొడవైన ఒక్క సంప్రదింపు, వరుస మీద పదకొండు రెట్లకు పైగా బరువు వేస్తోంది. అందరికీ కచ్చితంగా 9 నిమిషాలే పట్టి ఉంటే, సగటు అదే అయినా నిరీక్షణ 40 నిమిషాలకు దిగేది. ఆ 40 ఎవరి చేతిలోనూ లేదు, మనుషులు తోచినప్పుడు రావడం వల్ల వచ్చింది. పైనున్న 16 నిమిషాలూ 5కీ 17కీ మధ్య ఉన్న దూరం వల్ల వచ్చినవి.

ఈ శాస్త్రం మొదలైంది ఆసుపత్రుల్లో కాదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్, ఎక్స్ఛేంజికి ఎన్ని లైన్లు ఉండాలో తేల్చడానికి 1909లో దీనికి పునాది వేశారు. అప్పటి ఫోన్ కాల్స్‌కి సరిపోయిన గణితం ఇప్పుడు కంప్యూటర్ సర్వర్లకీ, టోల్ గేట్లకీ, ఈ హాల్లో బిళ్ళ పట్టుకుని కూర్చున్న మనిషికీ సరిపోతోంది.

"నేను వచ్చినప్పుడే పెద్ద కేసు ఉంటుంది"

ఈ కేసులో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఒక పెద్దాయన మాట. నెలకోసారి రిపోర్టు చూపించుకోవడానికి వస్తారు. నేను పలకరిస్తే, "నా ఖర్మ ఏంటో గానీ బాబూ, నేను వచ్చిన ప్రతిసారీ లోపల పెద్ద కేసే ఉంటుంది" అన్నారు. పక్కనున్న ఆవిడ "మాకూ అంతే" అంది. మేనేజర్ ఇలాంటి మాటల్ని రెండేళ్ళుగా వింటున్నారు. ఆయన రికార్డుల ప్రకారం పెద్ద కేసులు మూడింట ఒక వంతే. అందుకని చెప్పేవాళ్ళు పెంచి చెబుతున్నారని అనుకునేవారు.

ఇద్దరి మాటా నిజమే. మూడు పేషెంట్లకు 27 నిమిషాలు. అందులో చిన్నవాళ్ళిద్దరూ కలిపి 10 నిమిషాలు, పెద్ద కేసు ఒక్కటే 17 నిమిషాలు. డాక్టరు పనిలో ఉండగా ఎప్పుడో ఒక క్షణాన ఈ పెద్దాయన హాల్లో అడుగుపెడతారు. ఆ క్షణం పెద్ద కేసు మధ్యలో పడే అవకాశం 27లో 17. అంటే 63 శాతం. పేషెంట్లను లెక్కపెడితే పెద్ద కేసులు మూడింట ఒకటి. గడిచే నిమిషాలను లెక్కపెడితే మూడింట దాదాపు రెండు. ఆఫీసు పేషెంట్లను లెక్కపెడుతోంది, వచ్చే మనిషి నిమిషాల్లో అడుగుపెడుతున్నారు. అలా వచ్చినవాళ్ళకు లోపల కనిపించే సంప్రదింపు సగటు పొడవు 9 నిమిషాలు కాదు, 12 నిమిషాల 30 సెకన్ల పైచిలుకు.

దీన్ని ఇన్‌స్పెక్షన్ పారడాక్స్ అంటారు. ఒకసారి పట్టుబడితే ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. బస్సులు ఒకసారి 5 నిమిషాలకు, మరోసారి 15 నిమిషాలకు వస్తున్నాయనుకోండి. డిపో లెక్కలో సగటు విరామం 10 నిమిషాలు. కానీ ఆలోచించకుండా స్టాపుకు వెళ్ళేవాళ్ళలో 75 శాతం మంది ఆ 15 నిమిషాల విరామంలోనే పడతారు, ఎందుకంటే ప్రతి 20 నిమిషాల్లో 15 దానివే. సామాజిక శాస్త్రవేత్త స్కాట్ ఫెల్డ్ 1991లో రాసిన సంగతీ దీనికి చుట్టమే. సగటున చూస్తే, మన స్నేహితులకు మనకన్నా ఎక్కువమంది స్నేహితులుంటారు. ఎక్కువ స్నేహితులున్న మనిషి ఎక్కువమంది జాబితాల్లో ఉంటారు కాబట్టి మనకు వాళ్ళే ఎదురవుతుంటారు. దానికి మనలో లోపం వెతుక్కోనక్కర్లేదు.

నేను కాగితం మీద ఒక గీత గీసి, 5, 5, 17గా ముక్కలు చేసి, కళ్ళు మూసుకుని ఎక్కడైనా వేలు పెట్టమని పెద్దాయనకు ఇచ్చాను. ఐదుసార్లు పెట్టారు. నాలుగుసార్లు పొడవైన ముక్కలోనే పడింది. "అయితే నేను ఉన్నమాటే చెబుతున్నానన్నమాట" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. ఆ కాగితాన్నే మేనేజర్‌కు చూపించాను. ఆ రోజు తర్వాత ఆయన పేషెంట్ల మాటను కొట్టిపారేయడం నేను చూడలేదు.

మేం వద్దనుకున్నవి

అందరూ ముందు అడిగేది, ఐదు నిమిషాల వాళ్ళను ముందు పంపించేస్తే సరిపోదా అని. సగటు నిజంగానే తగ్గుతుంది. లెక్కగట్టాను. రిపోర్టు చూపించేవాళ్ళ నిరీక్షణ 8 నిమిషాల 30 సెకన్లకు పడిపోతుంది, మొత్తం సగటు 56 నుంచి 34కి వస్తుంది. నెలవారీ నివేదికలో అద్భుతంగా కనిపించే అంకె ఇది. కానీ కొత్త పేషెంటు నిరీక్షణ 85 నిమిషాలకు పెరుగుతుంది. ఏం జబ్బో తెలియక, ఎవరూ పరిచయం లేక, టెన్షన్‌తో మొదటిసారి వచ్చిన మనిషిని గంటన్నర కూర్చోబెట్టి సగటు తగ్గిందని చెప్పుకోవడం నాకు ఇష్టంలేదు. డాక్టరుకు కూడా ఇష్టంలేదు. పైగా ఇందులో భారం తగ్గేదేమీ లేదు. ఒక్కొక్కరి నిరీక్షణను వాళ్ళకు పట్టే సమయంతో గుణించి కూడితే మొత్తం ముందెంతో తర్వాతా అంతే. ఒకరి మీంచి తీసి మరొకరి మీద పెట్టడమే.

రెండోది, ఇద్దరు డాక్టర్లకు విడివిడి వరుసల బదులు ఒకే వరుస, ఎవరు ముందు ఖాళీ అయితే వాళ్ళ దగ్గరికి. గణితం దృష్టిలో ఇది చాలా మంచి ఉపాయం. డాక్టర్లు అంతే మంది, పేషెంట్లు అంతే మంది, అయినా నిరీక్షణ సగానికన్నా తక్కువకు, సుమారు 27 నిమిషాలకు పడుతుంది. ఒక గది ఖాళీగా ఉండి పక్క గది ముందు నలుగురు కూర్చోవడమనేది ఇక జరగదు కాబట్టి. బ్యాంకుల్లో, విమానాశ్రయాల్లో ఒకే పాము వరుస పెట్టడం ఇందుకే. ఒక వారం పెట్టి చూశాం. మూడో రోజుకే అర్థమైంది. పాత పేషెంటుకు తన డాక్టరే కావాలి. ఏడాదిగా తన కథ తెలిసిన మనిషిని వదిలి పక్క గదికి వెళ్ళమంటే, అక్కడ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. 5 నిమిషాల సంప్రదింపు 10 అయింది. సూత్రంలో ఇద్దరు డాక్టర్లూ ఒకటే అనుకున్నాం, పేషెంట్లకు ఒకటి కాదు. ఆపేశాం.

అపాయింట్‌మెంట్లు పెట్టొచ్చు కదా అని కూడా అడిగారు. అంతకుముందు పెట్టి ఎత్తేశారు. వాహనం దొరికినప్పుడు బయల్దేరేవాళ్ళు, గంట ముందే వచ్చి కూర్చునేవాళ్ళు ఎక్కువ. దాన్ని మళ్ళీ బాగుచేయడం ఈ పనికన్నా పెద్ద పని.

ఒక్క నిమిషం

సూత్రంలో భాగించే చోట ఉన్నది ఖాళీ వంతు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. పనిలో ఉన్న వంతును ఖాళీ వంతుతో భాగించి చూడండి. డాక్టరు సమయం 50 శాతం నిండితే 1. 80 శాతం నిండితే 4. 90 అయితే 9. 95 అయితే 19. నిరీక్షణ పెరిగేది ఈ లెక్కన. 50 నుంచి 80 దాకా పెద్దగా ఎవరికీ తెలియదు. 90 దాటాక ప్రతి చిన్న అడుగూ కొండెక్కినట్టుంటుంది. ఈ క్లినిక్ సరిగ్గా ఆ కొండ అంచున ఉంది. అంచున ఉన్నప్పుడు కింద పడటం ఎంత తేలికో, కాస్త వెనక్కి జరిగితే ఊరట అంత పెద్దది.

ఒక్కొక్కరి దగ్గర ఒక్క నిమిషం తగ్గితే? 5, 5, 17 కాస్తా 4, 4, 16 అవుతాయి. వర్గాల సగటు 96. ఖాళీ వంతు 0.2. 9.6ని 0.4తో భాగిస్తే 24 నిమిషాలు. గదిలో ఒక్క నిమిషం తగ్గితే హాల్లో 32 నిమిషాలు తగ్గుతాయి! నేను ఈ అంకె చెప్పినప్పుడు డాక్టరు నమ్మలేదు. కాగితం తీసుకుని తనే మళ్ళీ చేసి చూసుకున్నారు.

అయితే పేషెంటుతో మాట్లాడే సమయంలో ఒక్క సెకను కూడా కోయకూడదని ఆయన ముందే చెప్పారు. నాదీ అదే మాట. కాబట్టి ఆ నిమిషం మాటల్లో కాకుండా ఇంకెక్కడైనా ఉందా అని వెతికాను. ఒక రోజంతా గదిలో ఒక మూల నిలబడి, పేషెంటు కూర్చున్న క్షణం నుంచి డాక్టరు మొదటి ప్రశ్న అడిగేదాకా ఏం జరుగుతుందో చూశాను. సంచీ జిప్ తీస్తారు. ప్లాస్టిక్ కవర్ బయటికొస్తుంది. దాంట్లో రెండేళ్ళ కాగితాలు, మడతలు పడి, కొన్ని తలకిందులుగా. "కిందటిసారి రక్తపరీక్ష ఏది?" "ఇక్కడే పెట్టానండీ..." డాక్టరు కూడా చేయి కలిపి వెతుకుతారు. దొరికిన కాగితం మీద తేదీ చూస్తే అది పోయిన ఏడాదిది. మళ్ళీ వెతుకులాట. తర్వాత బీపీ పట్టీ చుట్టడం. కొత్త పేషెంట్లకైనా, పాతవాళ్ళకైనా ఇది నిమిషానికి పైగా పడుతోంది. ఈ వెతుకులాటలో ఎవరికీ ఏ మేలూ లేదు, పేషెంటుకు కంగారు తప్ప.

హాల్లో గది తలుపు పక్కన ఒక చిన్న బల్ల వేయించాం. నర్సు అక్కడ కూర్చుని, తర్వాత వెళ్ళాల్సిన పేషెంటు కాగితాలు తీసుకుని, కొత్తది పైకి వచ్చేలా తేదీల వరుసలో పేర్చి, క్లిప్పు పెట్టి ఇస్తుంది. బీపీ, బరువు చూసి పైకాగితం మీద రాస్తుంది. అంతే. కొత్త ఉద్యోగం అక్కర్లేదు, అప్పటిదాకా ఆమె గది లోపల నిలబడి చేసిన పనే. ఎలాగూ ఆగాల్సిన సమయంలోనే అది అయిపోతోంది.

మొదటి వారం గందరగోళమే. బల్ల దగ్గరికి వెళ్ళాక బిళ్ళ ఎప్పుడు తిరిగివ్వాలో ఎవరికీ అర్థంకాలేదు, కొక్కేల లెక్క తప్పింది. ఆ వారం అంకెలు పక్కనపెట్టేశాను. తర్వాతి ఎనిమిది వారాల సగటు 2.2 కొక్కేలు. అంటే 22 నిమిషాలు.

ఖాళీ కుర్చీ మీద వాదన

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు గంటలో డాక్టరుకు 12 నిమిషాలు ఖాళీ. అది ఒక్కచోట రాదు. ఇక్కడ 3 నిమిషాలు, అక్కడ 6 నిమిషాలు. కానీ మేనేజర్ రెండుసార్లు గది ముందు నుంచి వెళ్ళినప్పుడు డాక్టరు ఒక్కరే కూర్చుని ఉండటం చూశారు. "5 గంటల్లో గంట ఖాళీ సార్. ఫోన్ మీద ఇంకో ముగ్గురికి టోకెన్లు ఇవ్వలేమా? 30 మందికి ముగ్గురంటే ఎంత, పదో వంతు" అన్నారు.

ఆయన అడిగింది దురాశతో కాదు. టోకెన్ దొరక్క బయట ఉన్నవాళ్ళూ మనుషులే కదా. అందుకే నేను వద్దనలేదు, లెక్క చూపించాను. గంటకు 6 బదులు 6.6 మంది. డాక్టరు సమయం 88 శాతం నిండుతుంది, ఖాళీ వంతు 0.12. సూత్రం చెప్పే నిరీక్షణ 44 నిమిషాలు. పేషెంట్లు పదో వంతు పెరిగితే నిరీక్షణ దాదాపు రెట్టింపు. ఆ ముగ్గురి కోసం 33 మంది, ఒక్కొక్కరూ మరో 20 నిమిషాలు కూర్చోవాలి. తెలిసి చేస్తే చేయండి, ఆ నిర్ణయం మీదే అన్నాను.

రెండు వారాలు చేసి చూద్దామన్నారు. ఖాళీ కొక్కేలు సగటున 4.5. దాన్ని 6.6తో భాగిస్తే 41 నిమిషాలు. రెండు వారాలు చాలవని నేనే ముందు చెప్పి ఉన్నాను కాబట్టి దీన్ని రుజువుగా చూపించను. కానీ అంకె లెక్క చెప్పిన వైపే, లెక్క చెప్పినంతే కదిలింది. రెండో వారం చివర్లో రిసెప్షన్ అమ్మాయి బోర్డు వైపు చూపిస్తూ, "మళ్ళీ పాత రోజులొచ్చాయి సార్" అంది. మూడో వారం నుంచి ఫోన్ టోకెన్లు ఆపేశారు. బయట ఎదురుచూసేవాళ్ళ కోసం వారానికి అదనంగా ఒక పూట ఓపీ పెట్టే ఆలోచనలో ఉన్నారు. అదే సరైన దారి అని నా అభిప్రాయం.

మేనేజర్ తన పట్టికలో ఇప్పుడు ఒక వరుస మార్చారు. "డాక్టరు ఖాళీ సమయం" అన్న శీర్షిక కింద ఇంతకుముందు ఎర్ర రంగు ఉండేది. దాన్ని తీసేసి, 20 శాతం కన్నా తగ్గితేనే ఎర్ర రంగు వచ్చేలా పెట్టారు.

ఇంకా తేలని సంగతి ఒకటి ఉంది. డాక్టరు రౌండ్లు ముగించుకుని వచ్చేసరికి బోర్డు మీద ఎప్పుడూ రెండు కొక్కేలు ఖాళీగా ఉంటున్నాయి, రౌండ్లు ఆలస్యమైన రోజు నాలుగు. ఆ నాలుగూ మధ్యాహ్నందాకా తీరడం లేదు. రిసెప్షన్ అమ్మాయి రోజూ సాయంత్రం కాగితాన్ని ఫొటో తీసి పంపిస్తోంది. పోయిన వారం సగటు 2.4. వచ్చే నెల పొద్దున మొదటి గంట కాగితాలు మాత్రమే విడిగా తీసి చూడాలి.